ఆషాఢంలో పెళ్ళి

“ఆ పొద్దు మందను ఎన్నింటికి వదిలినారు పెద్దమ్మా?”

సంధ్యారాణి ఆ ప్రశ్న అడగడం అది మూడోసారి. పోలమ్మ మూడుసార్లూ ఒకే జవాబు చెప్పింది.

“వదల్లేదమ్మీ. దొడ్డి తడిక తీయనే లేదు. పదకొండింటప్పుడు పోలీసోల్లు ఆయన్ను ఆటోలో వేసుకోని పోతాంటే గూడా గొర్రెలు దొడ్లోనే అరస్తాండె. వాటికి నీళ్ళు పెట్టే దిక్కు లేకపాయె ఆ పొద్దు.”

సంధ్యారాణి నోటుబుక్కులో రాసుకుంది. సోమవారం నాటి ఎఫ్.ఐ.ఆర్. నకలు ఆమె సంచిలోనే ఉంది. అందులో పోలమ్మ భర్త సంగతి వేరేలా ఉంది. ‘మృతుడు కాటమరాజు, వయసు అరవై ఏడు, ఉదయం గొర్రెలు మేపుకుంటూ వెళ్ళి, పాడుబడిన పలకల క్వారీ అంచున కాలు జారి పడి మరణించాడు.’

“ఆయన ఇంట్లోంచి బయల్దేరింది ఎప్పుడు?”

“కాలేజీ బస్సు మా గుడిసె ముందరే ఆరూ ముక్కాలుకు పోతాది. అది పోయినాక ఫోనొచ్చింది. చెయ్యి కూడా కడుక్కోలేదు, లేచి పోయినాడు.”

“ఫోన్లో ఏమన్నాడు?”

“‘వస్తాన్నా సామీ’ అన్నాడు. అంతే.”

“సామీ అని ఎవర్ని అంటాడు?”

“చేను ఉన్నోల్లను అందర్నీ అంటాడు. ఎరువుకని చేలో మంద పండబెట్టించుకునే రైతులంతా మాకు సామీలే గదా.” పోలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. “ఫోను గూడా ఎస్సై తీసుకోనిపోయినాడు. అడిగితే ఇయ్యలా.”

సంధ్యారాణి తన ఫోను తీసి ఒక ఫోటో చూపించింది. శవం ఇంట్లో ఉన్నప్పుడు పోలమ్మ కోడలు తీసిన ఫోటో అది. ఛాతీ మీద పెట్టిన ఎడమచేయి. ఆ చేతి బొటనవేలు ఊదారంగులో ఉంది.

“ఇది వేలిముద్ర సిరా పెద్దమ్మా. దేని మీద వేసినాడు?”

పోలమ్మ ఆ ఫోటో వైపు ఒక్క క్షణం చూసి తల తిప్పుకుంది.

“ఏదో సంఘం కాగితం అన్నాడు.”

“ఎప్పుడు?”

“ఆదివారం సాయంత్రం.”

“ఆదివారం ఏ సంఘం తెరిచుంటాది?”

పోలమ్మ లేచింది. దొడ్లో తల్లి పాలివ్వని పిల్ల ఒకటి అరుస్తోంది. దాన్ని చంకనేసుకుని, సంధ్యారాణి ముఖంలోకి నేరుగా చూసింది.

“పోయిన శుక్రారం నువ్వొచ్చినావు. మజ్జిగ తాగినావు. ఆయన్ని ఏమేమో అడిగినావు, రాసుకున్నావు. సోమారానికి ఆయన లేడు. నాకు సంఘం గురించి తెల్దమ్మీ. నువ్వేం రాసుకోని పోయినావో, అదే ఆలోచన చేస్తాన్నా మూడు దినాలుగా.”

సంధ్యారాణి ఆమె కోడల్ని అడిగి పోలమ్మ ఫోను నెంబరు రాసుకుని, చెప్పులు వేసుకుని బయటికొచ్చింది.

పన్నెండేళ్ళు కానిస్టేబులుగా చేసి ఉద్యోగం వదిలేసిన మనిషి ఆమె. ఇప్పుడు మార్కాపురంలో ఒక గది అద్దెకు తీసుకుని, విదేశాల్లోని లాయర్లకు కాగితాల నిజానిజాలు తేల్చి చెబుతుంది. ఈ పెళ్ళి నిజంగా జరిగిందా, ఈ తల్లి నిజంగా తల్లేనా, ఈ అన్నదమ్ములు ఒక కడుపున పుట్టినవాళ్ళేనా. ఆ పనిలో ఆమెకు చుట్టరికాల మీద నమ్మకం పోయి చాలా కాలమైంది.

ఈ కేసు మొదట చిన్నదిగానే కనిపించింది. చెన్నకేశవులు అనే కంభం వైపు మనిషి ఇరవై ఏళ్ళకు పైగా అమెరికాలో ఉన్నాడు, అక్కడి పౌరుడు. పదమూడేళ్ళ కిందట సెలవు మీద వచ్చి, రాళ్ళవాగు ఊరిలో భర్త పోయిన రోశమ్మను పెళ్ళి చేసుకుని తీసుకెళ్ళాడు. రోశమ్మ కూతురు శిల్ప మాత్రం మేనమామ వెంకటసుబ్బయ్య ఇంట్లో ఉండిపోయింది. తొమ్మిదేళ్ళ కిందట చెన్నకేశవులు ఆ సవతి కూతురిని పిలిపించుకోవడానికి దరఖాస్తు పెట్టాడు. వరుస ఇన్నాళ్ళకు వచ్చింది. వచ్చే మంగళవారం ముంబైలో ఇంటర్వ్యూ.

సవతి బిడ్డకు వీసా రావాలంటే ఒక షరతు ఉంది. తల్లి రెండో పెళ్ళి, బిడ్డకు పద్దెనిమిదేళ్ళు నిండకముందే జరిగి ఉండాలి. ఒక్కరోజు దాటినా ఆ చుట్టరికం అక్కడ చెల్లదు. శిల్పకు పద్దెనిమిది నిండింది 2012 జూలై 18న. పెళ్ళి సర్టిఫికెట్‌లో తేదీ జూలై 12. పెళ్ళి చూశానని వేలిముద్ర వేసిన సాక్షి కాటమరాజు.

మూడు వారాల కిందట, ఆ వీసా ఫైలు చూసే అమెరికా లాయరుకు కొమరోలు పోస్టాఫీసు ముద్రతో పేరు లేని ఉత్తరమొకటి వెళ్ళింది. ‘పెళ్ళి జరిగింది శ్రావణంలో. జూలైలో సాక్షి ఊర్లోనే లేడు. మందతో కృష్ణ ఒడ్డున ఉన్నాడు. అడిగి చూసుకోండి.’

నిజమెంత, రాసిందెవరు? లాయరు అడిగింది ఈ రెండే. శుక్రవారం సంధ్యారాణి వచ్చి కాటమరాజును అడిగింది. అవును, ఆ ఏడు వానలు ఆలస్యమై శ్రావణం దాకా మంద కృష్ణ ఒడ్డునే ఉందన్నాడు. ఉత్తరం సంగతి అడిగితే, “రాసే చదువుంటే గొర్రెలెందుకు కాస్తానమ్మా” అని నవ్వాడు. శనివారం ఆమె రిపోర్టు పంపేసింది.

క్వారీకి కాటమరాజు గుడిసె నుంచి నడిస్తే పదిహేను నిమిషాలు. సంధ్యారాణి స్కూటీ రోడ్డు మీదే వదిలి, గడియారం చూసుకుని నడిచింది. ఏడుకు బయల్దేరిన మనిషి ఏడుంపావుకు ఇక్కడికి చేరి ఉంటాడు. రాతిచెక్కలు ఏరుకునే ఆడవాళ్ళు శవాన్ని చూసింది ఎనిమిదీ యాభైకి.

క్వారీ అంచు మూడు వైపులా పలకరాతి వ్యర్థంతో నడుమెత్తు గోడలా కట్టుకుపోయి ఉంది. నాలుగో వైపు లోపలికి దిగే బాట. కాటమరాజు పడింది బాట వైపు కాదు, గోడ ఉన్న వైపు. సంధ్యారాణి ఆ గోడ మీద చెయ్యి వేసి నొక్కింది. పై చెక్కలు గలగలా జారాయి. మనిషి ఎక్కితే ఈ కుప్పంతా చెదిరిపోవాలి. ఒక్కచోట మాత్రం రెండడుగుల వెడల్పున చెక్కలు బయటికి తోసుకుపోయి ఉన్నాయి. ఎక్కిన గుర్తు కాదు, ఒక బరువు దాని మీదుగా వెనక్కి వాలి పోయిన గుర్తు.

ఆమె వెనక్కి తిరిగి అడుగులు లెక్కపెట్టింది. పన్నెండు అడుగుల దూరంలో ఎదురెదురుగా రెండు చదును రాళ్ళు. ఒక రాయికి ఆనించి కాటమరాజు కర్ర నిలబెట్టి ఉంది. గొర్రెలకాపరి అంచు దగ్గరికి కర్ర లేకుండా పోడు. ఎవరితోనో కూర్చుని మాట్లాడ్డానికి ఆనించి, మళ్ళీ తీసుకోలేదు.

రాళ్ళ సందులో ఒకదాంట్లో ఒకటి దూర్చి నలిపిన కాగితం కప్పులు రెండు దొరికాయి. విడదీసింది. లోపలి కప్పు అంచున ఊదారంగు మచ్చ ఉంది. అడుగున టీ ఎండిపోయి ఉంది.

“ఇక్కడేం పని మేడమ్?”

ఎస్సై గురవయ్య రోడ్డు వైపు నుంచి నడిచి వస్తున్నాడు. సంధ్యారాణి కానిస్టేబులుగా ఉన్న రోజుల్లో అతను ట్రైనింగు మీద వచ్చాడు. పంచనామా రాయడం అతనికి నేర్పింది ఆమే. ఆ సంగతి ఇద్దరూ మర్చిపోలేదు. అతను మరీను.

“చూస్తాన్నా ఎస్సైగారూ. నడుమెత్తు గోడ మీంచి కాలు జారడమెట్లా అని.”

“ముసలోడు. ఎక్కినాడేమో.”

“ఎందుకు?”

“గొర్రె ఎక్కింటాది. దాని కోసరం.”

“ఆ పొద్దు గొర్రెలన్నీ దొడ్లో ఉండె. మీరు శవాన్ని ఎత్తుకోనిపోయేటప్పుడు అవి మీ ముందరే అరిచినాయంట. మీ ఎఫ్.ఐ.ఆర్.లో మాత్రం మేస్తాన్నాయి.”

గురవయ్య ముఖం గంటుపెట్టుకున్నాడు. “మీరిప్పుడు పోలీసు కాదు. దుడ్లు తీసుకోని కాగితాలు చూసే మనిషి. ఆ పని చూసుకోండి.”

“ఆయన ఫోనులో చివరి కాల్ ఎవరిది?”

“దర్యాప్తులో ఉంది.”

“ప్రమాదమైతే దర్యాప్తెందుకు? దర్యాప్తైతే ఇక్కడ తాడెందుకు కట్టలేదు?”

అతను ఆమె చేతిలోని కప్పుల వైపు చూశాడు. “అవేంది?”

“మీకెవరన్నా ఇంత దూరం టీ తెచ్చి పోసినారా ఎప్పుడన్నా? కాటమరాజుకు పోసినారు. సిరా వేలితో పట్టుకోని తాగినాడు. రసీదు రాసివ్వండి, మీకే ఇస్తా.”

“చెత్తకు రసీదా!”

“చెత్తైతే నా దగ్గరే ఉండనీండి.” ఆమె కప్పులను కవర్లో పెట్టుకుంది.

గురవయ్య దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. “అక్కా, పాత పరిచయం కాబట్టి చెప్తాన్నా. ఇది పెద్దోల్ల ఇంటి యవ్వారం. మంగళారం దాకా ఈ చుట్టుపక్కల కనపడొద్దు. ఆ తర్వాత నీ ఇష్టం.”

“మంగళవారం ఏముంది?”

అతను టోపీ సర్దుకున్నాడు. “మాటవరసకన్నా.”

సంధ్యారాణి రోడ్డు వైపు నడిచింది. ప్రమాదంలో పోయిన గొర్రెలకాపరి కేసులో మంగళవారం ఎక్కడా లేదు. ముంబై ఇంటర్వ్యూ కాగితంలో మాత్రమే ఉంది.

వెంకటసుబ్బయ్య ఇంటికి ఆమె చేరేసరికి ఒంటిగంట. వసారాలో ఆయన వాలుకుర్చీలో ఉన్నాడు. అరవై దాటిన మనిషి, తెల్లటి బనియను, మాట నెమ్మది. పక్కన బల్ల మీద వీసా కాగితాల ఫైలు. గుమ్మం లోపల శిల్ప నిలబడి ఉంది. ముప్పై ఒక్కేళ్ళు. చేతులు కట్టుకున్న తీరు చూస్తే ఇంకా పెద్దదానిలా ఉంది.

“రామ్మా, కూచో. ఎండనపడి వచ్చినావు.”

“రెండు మాటలడిగి పోతానండీ. సోమవారం పొద్దున ఏడింటికి మీరెక్కడున్నారు?”

“పాలకేంద్రం కాడ. దినామూ అంతే. ఇరవై మంది చూసింటారు.”

“సోమవారం కాలేజీ బస్సు పోయినాక లారీ బోల్తాపడి రోడ్డు తొమ్మిది దాకా మూసేసినారు. పాలబండి రాలేదు. పాలకేంద్రం తలుపే తీయలేదు. దారిలో కనుక్కునే వచ్చినా.”

ఆయన తడబడలేదు. “అయితే చేను కాడ ఉంటి. వయసైపాయె, దినాలు కలిసిపోతాండాయి.”

“మీ ఒక్కగానొక్క కొడుకు సురేష్?”

“వాడు చేను కాడ కాదు, ఇంట్లో ఉండె. ఇప్పుడు యాడికో పోయినాడు.”

“పెళ్ళి సంగతి. మీ చెల్లెలి పెళ్ళి జూలై పన్నెండున అంటారు. అది ఏ మాసం?”

“మాసాలు, మూఢాలు చూసేదానికి అదేమన్నా మొదటి పెండ్లా?”

“బోరు వేయించాలన్నా పంచాంగం చూసే ఇల్లు మీది. ఊర్లో అడిగినా. ఆ రోజు ఆషాఢం వెంకటసుబ్బయ్యగారూ. మీ బావ ఇక్కడ దిగింది జూన్ ఇరవై ఎనిమిదిన. ఆ ముద్ర పాస్‌పోర్టులో ఉంది. పాపకు పద్దెనిమిది నిండింది జూలై పద్దెనిమిదిన. ఈ మధ్య ఏ తేదీ తీసుకున్నా ఆషాఢమే. మంచిరోజు వెతుక్కునే వీలు కాగితం మీద గూడా మీకు లేకపోయింది.”

“ఆషాఢంలో చేసుకుంటే పెండ్లి కాకుండా పోతాదా?”

“పోదు. కానీ నిజంగా ఆ రోజే జరిగుంటే పాప కూడా తల్లితోనే ఆ యాడాదే పోయుండేది. ఇరవై ఒకటి నిండని బిడ్డలకు వరుసలో ఆగే పని లేదు. నాలుగేళ్ళు ఆగి దరఖాస్తు ఎందుకు పెట్టినారు?”

వెంకటసుబ్బయ్య మొదటిసారి శిల్ప వైపు చూశాడు. ఆమె నేల చూసింది.

“చూడమ్మా,” అన్నాడాయన, అదే నెమ్మదితో. “నీకు ఆధారమేముంది? ఆ గొల్లాయన కృష్ణ ఒడ్డున ఉన్నాడనేది ఒక్కటే. ఉత్తరంలోని సంగతి కాటమరాజు ఇంటి మనుషులకు తప్ప మరొకరికి తెలిసే అవకాశం లేదు. ఇంటి మాట ఇంటోల్లే చెప్తే అది సాక్ష్యమెట్లైతాది?”

సంధ్యారాణి పెన్ను ఆగిపోయింది.

ఊర్లో ఎవరూ అలా మాట్లాడరు. ‘మరొకరికి తెలిసే అవకాశం లేదు.’ అది ఆమె వాక్యం. శనివారం రాత్రి తన గదిలో కూర్చుని, రిపోర్టు మూడో పేరాలో టైపు చేసిన వాక్యం. అక్షరం పొల్లు పోలేదు.

“ఆ మాట మీకెవరు చెప్పినారు?”

“చెప్పేదేంది, చదివినా. లాయరు మా బావకు పంపినాడు, బావ నాకు పంపినాడు. ఆదివారం పొద్దున వాట్సాప్‌లో వచ్చింది. ఖర్చు ఆయనది, రిపోర్టు ఆయనది. దాపరికమేముంది?”

ఆదివారం పొద్దున రిపోర్టు. సోమవారం పొద్దున ఫోను. మధ్యలో ఒక్క రోజు. పోలమ్మ మూడు రోజులుగా ఆలోచిస్తున్న లెక్క సంధ్యారాణికి అక్కడ, ఆ వసారాలో తేలింది. కాటమరాజు ఇంటి దారి వీళ్ళకు చూపించింది తనే.

“అక్కా, మొహం కడుక్కుందురు రాండి. ఎర్రబడిపోయింది,” అంది శిల్ప లోపల్నుంచి.

పెరట్లో నీళ్ళతొట్టి దగ్గర శిల్ప చెంబు ముంచి ఇచ్చింది. చెంబు వదల్లేదు. నీళ్ళ చప్పుడు కింద మాట్లాడింది.

“మీరు తప్పు రాసినారక్కా. ఆ ఉత్తరం కాటమరాజు తాత వాళ్ళు రాయించలేదు. నేను రాసినా.”

సంధ్యారాణి వసారా వైపు ఒకసారి చూసి, దగ్గరికి జరిగింది.

“ఆ యాడాది కాటమరాజు తాత మా చేలో కట్టిన మందనే కృష్ణ ఒడ్డుకు తోలుకోని పోయినాడు. అమ్మ పెండ్లి నాటికి తిరిగొచ్చి గొర్రెపోతును తెచ్చిచ్చినాడు. అప్పటికి నాకు పద్దెనిమిది నిండినాయి. గుర్తుండదా?”

“ఎందుకు రాసినావు? నీ వీసాయే గదా అది.”

“నాదా?” శిల్ప నవ్వింది. ఆ నవ్వు చూడలేక సంధ్యారాణి మొహం మీద నీళ్ళు చల్లుకుంది. “తొమ్మిదేండ్లక్కా. ఉద్యోగం వద్దు, పిలుపు ఎప్పుడొస్తాదో తెల్దు. పెండ్లి వద్దు, పెండ్లైతే ఫైలు ఇంకో వరసలో వెనక్కి పోతాది. నాకోసరం నాలుగేండ్లు ఆగిన మనిషికి పోయిన మాఘంలో పెండ్లైంది. నేనే పోయి అక్షింతలేసొచ్చినా. ఇప్పుడు పోయి నేనేం చేయాల? సురేష్ బావను చేసుకోని, ఆయన్ను పిలిపించుకోవాల. దానికోసరం మామ నన్ను విత్తనాల మూట మాదిరి దాచిపెట్టినాడు.”

“మీ అమ్మకు చెప్పలేదా?”

“చెప్పినా. ఏడ్చింది. చెన్నకేశవులు నాయనకు తెలీనీయొద్దనింది. ఆయన చెడ్డోడు కాదక్కా. కన్నబిడ్డ మాదిరి చూస్తాడు. ఆ తేదీ అబద్ధమని ఆయనకూ తెలుసు. నా మేలు కోసరమే ఆ అబద్ధమాడినా అనుకుంటాన్నాడు.” ఆమె గొంతు ఇంకా తగ్గించింది. “మీరు వచ్చిపోయినాక, ఆదివారం తాత కాడికి పోయినా. పాత సాక్ష్యం చదివి వినిపించినా. ‘నేను ఊర్లోనే లేని దినాన పెండ్లి చూసినానని ముద్ర వేసినానా పాపా’ అని తలకాయ పట్టుకున్నాడు. ఉన్నదున్నట్టు రాసి వేలిముద్ర వేయించుకున్నా. సోమారం ఆ సిరా చూసే అడిగింటారు, ఎవరికేసినావని. నా పేరు చెప్పలేదక్కా ఆయన. చెప్పింటే బతికుండేటోడు.”

“ఆ కాగితం ఎక్కడుంది?”

“అంగన్‌వాడీ స్టెల్లక్క కాడ దాచిపెట్టినా.”

“ఇప్పుడే నా బండెక్కు. పోదాం.”

“పాస్‌పోర్టు మామ బీరువాలో ఉంది. అది వాళ్ళ చేతిలో ఉంటే నేను యాడికి పోయినా ఒకటే. మూడింటికి ఆయన పండుకుంటాడు. పాస్‌పోర్టు తీసుకోని, కాగితం తీసుకోని, నాలుగున్నర బస్సుకు కొమరోలు వస్తా. మీరు బస్టాండ్లో ఉండండి.”

పన్నెండేళ్ళ పోలీసు అనుభవం వద్దంటోంది. కానీ పాస్‌పోర్టు సంగతి ఆ పిల్ల చెప్పింది నిజమే. సంధ్యారాణి తల ఊపింది.

“శిల్పా!” వసారాలోంచి పిలుపు వచ్చింది. “నీళ్ళతొట్టి కాడ ఎంతసేపు?”

నాలుగున్నర బస్సు కొమరోలు బస్టాండులోకి ఐదూ పదికి వచ్చింది. పదకొండు మంది దిగారు. చివరికి డ్రైవరు కూడా దిగాడు. సంధ్యారాణి బస్సెక్కి వెనక సీటు దాకా చూసి దిగింది.

ఫోను మోగింది. శిల్ప నెంబరు.

“ఎక్కడున్నావు శిల్పా?”

“ఏమ్మా, దిగలేదా మా పాప?” వెంకటసుబ్బయ్య గొంతు. అదే నెమ్మది. “కారులో ఉన్నాంలే. హైదరాబాదులో రెండ్రోజులుండి అట్నుంచే ముంబై. పాప అంగన్‌వాడీలోంచి కాగితం తీసుకోని వస్తాంటే నేనే ఎదురుపోయినా. చదివినా. చక్కగా రాసింది. దస్తూరీ గూడా నీ రిపోర్టుతో వచ్చిన ఉత్తరంలో దస్తూరీయే.”

“ఆమెను ఏమన్నా చేస్తే…”

“మేనకోడలిని ఏం చేస్తానమ్మా? పదమూడేండ్లు సాకినోన్ని. నీ రిపోర్టు శానా బాగా రాసినావు. ఒక్కటే తప్పు. రాసింది గొల్లోల్లు కాదు, మా ఇంటి పిల్ల. ఆ ఒక్కటీ సరిగ్గా రాసింటే ముసలోడు ఈపొద్దు మంద కాడ ఉండేటోడు.”

బస్టాండు చప్పుళ్ళన్నీ ఒక్కసారి దూరం జరిగినట్టయింది ఆమెకు.

“పాపకు ఫోనియ్యండి.”

ఏదో గుసగుస. తర్వాత శిల్ప గొంతు, ఎండిపోయి వినిపించింది. “అక్కా, నేను పోతాన్నా. మంగళారం ఆఫీసరు ఏమడిగినా ఔనంటా. మీరు వదిలేయండి. పోలమ్మవ్వను మాత్రం…”

ఫోను చేతులు మారింది.

“విన్నావు గదా. తాత పాయె, కాగితం పాయె. ఆషాఢంలో మంద యాడుందో చెప్పగలిగిన మనిషి ఇంకొక్కటే మిగిలింది. మొగుడు పోయిన ముసల్ది. తోడుగా ఉండమని సురేష్‌ను పంపినా. మంగళారం పని సుఖంగా జరిగితే వాడు ఇంటికొస్తాడు. నువ్వు గూడా ఇంటికి పో.”

ఫోను తెగింది.

సంధ్యారాణి పోలమ్మ నెంబరు కొట్టింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ కొట్టింది. ఈసారి రెండు మోతలకే కట్టయింది. ఎవరో కట్ చేశారు. పోలమ్మకు ఫోను ఎత్తడం తప్ప కట్ చేయడం రాదని పొద్దున నెంబరు చెప్పలేక కోడల్ని పిలిచినప్పుడే తెలిసిపోయింది.

ఇక్కడి నుంచి రాళ్ళవాగుకు స్కూటీ మీద నలభై నిమిషాలు. దారిలో ఎవరూ లేరు. ఉన్నది ఒక్క మనిషి. ఆ నెంబరు కొట్టడానికి ఆమెకు ఒక్క నిమిషం పట్టింది. అంత చేదు మింగడానికి అది చాలా తక్కువ.

“ఏంది మేడమ్, ఇంగా ఏం చెత్త దొరికింది?” గురవయ్య నవ్వుతున్నాడు.

“గురవయ్యా.”

ఆమె అతన్ని పేరుతో పిలవడం ఎన్నో ఏళ్ళ తర్వాత. నవ్వు ఆగింది.

“మంగళవారం సంగతి నీకెవరు చెప్పినారో నేనడగను. ఆ కప్పులు నీకే ఇస్తా, రసీదు వద్దు. నా రిపోర్టు వల్ల ఒక మనిషి చచ్చిపోయినాడు. ఆ మాట ఎక్కడ రాయమంటే అక్కడ రాసి సంతకం పెడతా. నీ పేరు దాంట్లో రానీయను. కానీ ఇప్పుడు పోలమ్మ గుడిసెలో వెంకటసుబ్బయ్య కొడుకున్నాడు. ఆమె ఫోను వాడి చేతిలో ఉంది. నీ స్టేషన్ నించి పది నిమిషాలు. నాకు నలభై. రెండో పంచనామా గూడా కాలు జారిందని రాస్తావా గురవయ్యా?”

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఎవరో దగ్గారు.

తర్వాత కుర్చీ కదిలింది. అది మనిషి లేచిన చప్పుడో, వెనక్కి వాలిన చప్పుడో తెలియకుండానే ఫోను తెగిపోయింది.

సంధ్యారాణి స్కూటీని రాళ్ళవాగు వైపు తిప్పింది.